పాత ఫ్రాంకు నాణేల విలువ కట్టడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రెంచి పింఛను తీసుకున్న తాతలున్న యానాం ఇళ్ళలో, పిల్లలు ఫ్రాన్సులో స్థిరపడ్డ ఇళ్ళలో బీరువా సర్దుతుంటే ఏదో ఒక అరలో చిన్న డబ్బా బయటపడుతుంది. పాత తాళంచెవులు, తెగిన వాచీ బెల్టు, వాటి మధ్య గుప్పెడు ఫ్రాంకులు. పెద్దాయన పోయాక వాటిని చేతిలోకి తీసుకున్న మనవడికి వచ్చే మొదటి సందేహం "ఇవి ఎంత చేస్తాయి?" అనే. చాలా ఏళ్ళుగా ఈ నాణేలు తూచి, చూసి, దాచుకుంటున్నవాణ్ణి. నన్ను మళ్ళీ మళ్ళీ అడిగిన ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. తొందరపడి కరిగించేసిన మంచి నాణేల్ని, పనికిరాని నాణేలకు పెట్టుకున్న పెద్ద ఆశల్ని రెండింటినీ చూశాను. ఆ రెండూ మీకు ఎదురుకాకూడదు.

ఫ్రాంకుల్ని ఇప్పటికీ బ్యాంకులో మార్చుకోవచ్చా?

ఫ్రెంచి ఫ్రాంకుల్ని మార్చుకోలేం. యూరో నాణేలు, నోట్లు 2002 జనవరి 1న చేతికొచ్చాయి. అదే ఏడాది ఫిబ్రవరి 17తో ఫ్రాంకు చలామణి ముగిసింది. ఫ్రాన్సు కేంద్ర బ్యాంకు నాణేల్ని మరో మూడేళ్ళు, అంటే 2005 ఫిబ్రవరి 17 దాకా తీసుకుంది. నోట్లకు 2012 ఫిబ్రవరి 17 దాకా గడువిచ్చింది. ఆ తర్వాత ఆ తలుపు మూసుకుంది. ఒక యూరోకి 6.55957 ఫ్రాంకులు అనే రేటు మీకు ఎక్కడైనా కనిపిస్తే అది చరిత్రే. ఆ లెక్కన ఇవాళ మీకు డబ్బిచ్చే కౌంటరు ఎక్కడా లేదు.

అయితే ఇక వాటికి విలువ లేనట్టేనా?

నాణెం మీద రాసిన అంకెకు విలువ పోయింది. మిగిలినవి రెండు. ఒకటి అందులోని లోహం: వెండో బంగారమో ఉంటే దానికి ఎప్పటికీ ధర ఉంటుంది. రెండోది, ఆ నాణెం కోసం వెతికే సేకర్త ఇచ్చే ధర. లోహం ధరను మీరే ఇంట్లో కూర్చుని ఐదు నిమిషాల్లో లెక్క కట్టుకోవచ్చు. సేకర్త ధర మాత్రం సంవత్సరం, టంకశాల గుర్తు, అరుగుదల, ఎన్ని నాణేలు మిగిలాయి అనేవాటి మీద ఆధారపడుతుంది. అందుకే ఎప్పుడూ లోహంతో మొదలుపెట్టండి. ఏ నాణేనికైనా అంతకు తగ్గకూడని ధర అదే.

ముందుగా ఏం చూడాలి?

దేశం. ఫ్రాంకు అనే పేరు ఒక్క ఫ్రాన్సుది కాదు. స్విట్జర్లాండు, బెల్జియం, లక్సెంబర్గ్, పశ్చిమ, మధ్య ఆఫ్రికాలోని చాలా దేశాలు, పసిఫిక్ దీవులు అన్నీ ఫ్రాంకులు కొట్టినవే. నాణెం మీద "రెపూబ్లిక్ ఫ్రాన్సేజ్" అని గానీ, "ఆర్ ఎఫ్" అనే రెండక్షరాలు గానీ ఉంటే ఫ్రాన్సుది. "హెల్వెటియా" అని ఉంటే స్విట్జర్లాండుది. బెల్జియం నాణేలు రెండు భాషల్లో ఉంటాయి. ఒక రకంలో "బెల్జిక్", ఇంకో రకంలో "బెల్జియె" అని కనిపిస్తుంది.

దేశం తేలాక సంవత్సరం, ఆ తర్వాత తూకం. గ్రాములో వందో వంతు చూపించే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే దొరుకుతుంది. ఈ పనిలో దానికి మించిన సాయం లేదు. సంవత్సరం, తూకం రెండూ చేతిలో ఉంటే సగానికి పైగా ప్రశ్నలు వాటంతటవే తేలిపోతాయి. కూరగాయల త్రాసు ఇక్కడ పనికిరాదు.

ఏ ఫ్రెంచి నాణేల్లో వెండి ఉంది?

దీని జవాబు కొంచెం పెద్దది, కానీ ఓపిగ్గా చదవండి. ఈ విషయంలో అసలు డబ్బంతా ఇక్కడే ఉంది.

1803లో నెపోలియన్ కాలంలో చేసిన చట్టం ఒక ఫ్రాంకు అంటే నూటికి 90 పాళ్ళు వెండి ఉన్న 5 గ్రాముల లోహం అని తేల్చింది. ఆ లెక్కనే 5 ఫ్రాంకుల పెద్ద నాణెం 25 గ్రాములు, అందులో అసలు వెండి 22.5 గ్రాములు. సుమారు 37 మిల్లీమీటర్ల వెడల్పుతో అరచేతిలో బరువుగా కూర్చుంటుంది. నెపోలియన్, లూయీ ఫిలిప్, మూడో నెపోలియన్, హెర్క్యులీస్ బొమ్మలతో 1870ల దాకా ఇదే తూకం నడిచింది.

చిన్న నాణేల కథ వేరు. 1864లో 20, 50 సెంటీములకు (ఫ్రాంకులో వందో వంతు ఒక సెంటీము), 1866లో 1, 2 ఫ్రాంకులకు వెండి పాలు 83.5కి తగ్గించారు. 1865లో ఫ్రాన్సు, బెల్జియం, ఇటలీ, స్విట్జర్లాండు కలిసి చేసుకున్న లాటిన్ ద్రవ్య ఒప్పందంలో కూడా ఇదే కొలత. 1920 దాకా కొట్టిన 50 సెంటీములు 2.5 గ్రాములు, 1 ఫ్రాంకు 5 గ్రాములు, 2 ఫ్రాంకులు 10 గ్రాములు తూగుతాయి.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్రాంకు కుదేలైంది. 1928లో దాని విలువ పునర్నిర్ణయించాక 10, 20 ఫ్రాంకుల వెండి నాణేలు 1929 నుంచి వచ్చాయి. తూకం 10, 20 గ్రాములే గానీ వెండి 68 పాళ్ళే. చాలామంది వీటిని 90 పాళ్ళ వెండి అనుకుని లెక్క తప్పుతారు.

ఆ తర్వాత 1960లో కొత్త ఫ్రాంకుతో (పాత 100 ఫ్రాంకులకు ఇది ఒకటి) వెండి మళ్ళీ వచ్చింది. 1960 నుంచి 1969 దాకా వచ్చిన 5 ఫ్రాంకులు 12 గ్రాములు, 83.5 పాళ్ళు. 1965 నుంచి 1973 దాకా హెర్క్యులీస్ 10 ఫ్రాంకులు 25 గ్రాములు, 90 పాళ్ళు. 1974 నుంచి 1980 దాకా హెర్క్యులీస్ 50 ఫ్రాంకులు 30 గ్రాములు, 90 పాళ్ళు. 1982 నుంచి వచ్చిన 100 ఫ్రాంకులు 15 గ్రాములు, అదీ 90 పాళ్ళే. ఈ పెద్ద హెర్క్యులీస్ నాణేలు దుకాణాల గల్లాపెట్టెల్లో కన్నా జనం బీరువాల్లోనే ఎక్కువ కాలం గడిపాయి. పింఛను డబ్బులో వచ్చిన ఒకటీ రెండూ పక్కన పెట్టుకున్న తాతలు మన దగ్గరా ఉన్నారు. డబ్బాలో ముందు వెతకాల్సింది వీటినే.

గింజలు చల్లుతున్న అమ్మాయి బొమ్మ ఉంది. అది వెండిదేనా?

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. ఆస్కార్ రోటీ చెక్కిన ఆ బొమ్మని ఫ్రెంచివాళ్ళు "సెమ్యూజ్" అంటారు, అంటే విత్తులు చల్లే స్త్రీ. తలకు టోపీ, భుజాన సంచి, వెనకాల పొద్దు పొడుస్తుంటుంది. ఈ బొమ్మ 1 ఫ్రాంకు మీద 1898లో మొదలైంది, 1920 దాకా వెండి మీద నడిచింది. నలభై ఏళ్ళ విరామం తర్వాత 1960లో అదే బొమ్మ అదే 1 ఫ్రాంకు మీద మళ్ళీ వచ్చింది, కానీ ఈసారి నికెల్ మీద. 2001 దాకా కొట్టారు కనక డబ్బాల్లో దొరికేవాటిలో ఎక్కువ ఇవే.

రెంటినీ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. వెండిది 23 మిల్లీమీటర్లు, 5 గ్రాములు. నికెల్‌ది 24 మిల్లీమీటర్లు, 6 గ్రాములు. చేతికి బరువుగా, కంటికి మెరుస్తూ కనిపించేది నికెల్‌దే. వెండిది సన్నగా, కొంచెం మసకగా, చీరకొంగుకు కట్టి కట్టి అరిగిన పాత అర్ధణాలా ఉంటుంది. ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం తెచ్చి ఆనించండి: నికెల్‌ది అంటుకుంటుంది, వెండిది కదలదు. యానాంలో ఒకాయన నాకు ముప్పై నాణేలు తెచ్చి చూపించారు. ఇరవై తొమ్మిది అయస్కాంతానికి అతుక్కున్నాయి. ముప్పయ్యోది 1916 నాటిది, చిన్నగా ఉందని అంతకుముందు పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చారట.

5 ఫ్రాంకుల్లోనూ ఇదే చిక్కు. 1969 దాకా వెండి, 12 గ్రాములు. 1970 నుంచి నికెల్ పొర వేసిన మిశ్రమలోహం, 10 గ్రాములు. బొమ్మ ఒకటే, వెడల్పు ఒకటే. కాబట్టి సంవత్సరం చదవండి, తూకం వేయండి.

వెండి ధర ఎలా లెక్క కట్టాలి?

తూకాన్ని వెండి పాలుతో గుణించండి. వచ్చినదాన్ని ఆ రోజు గ్రాము వెండి ధరతో గుణించండి. అంతే.

ఉదాహరణకు 1967 నాటి హెర్క్యులీస్ 10 ఫ్రాంకులు: 25 గ్రాములు, 0.900తో గుణిస్తే 22.5 గ్రాముల అసలు వెండి. లెక్క సులువుగా ఉండటానికి గ్రాము వంద రూపాయలు అనుకుంటే 2,250 రూపాయలు. అదే ధరకు 1916 నాటి 1 ఫ్రాంకులో 4.175 గ్రాములు, అంటే 417 రూపాయలు. 1934 నాటి 20 ఫ్రాంకుల్లో 13.6 గ్రాములు. 1963 నాటి 5 ఫ్రాంకుల్లో 10.02 గ్రాములు. 1978 నాటి 50 ఫ్రాంకుల్లో 27 గ్రాములు. 100 ఫ్రాంకుల్లో 13.5 గ్రాములే. అంకె పెద్దదైనా వెండి సగమే. నాణెం మీద అంకెని నమ్మొద్దని చెప్పడానికి ఈ రెండింటికి మించిన సాక్ష్యం లేదు.

వెండి కొట్టువాళ్ళు ఇందులో కొంత తరుగు తీస్తారు. వాళ్ళు కరిగించాలి, శుద్ధి చేయాలి కాబట్టి కొంత తీయడం న్యాయమే. కానీ నాణెం మీద పాళ్ళు రాసి లేవు గనక "ఇది అరవై టచ్ కూడా ఉండదు" అని అంటే ఒప్పుకోకండి. ఆ తూకాలు, పాళ్ళు ఫ్రెంచి చట్టంలో ఉన్నవి. కాగితం మీద రాసి తీసుకెళ్ళండి.

బంగారు 20 ఫ్రాంకులు ఉన్నాయి. అవి మన కాసుతో సమానమా?

కాదు, కొంచెం చిన్నవి. 20 ఫ్రాంకుల బంగారు నాణేన్ని ఫ్రాన్సులో బొమ్మ ఎవరిదైనా "నెపోలియన్" అనే పిలుస్తారు. తూకం 6.45 గ్రాములు, బంగారం 90 పాళ్ళు, అంటే 21.6 క్యారెట్లు. అసలు బంగారం 5.8 గ్రాములు. మన 8 గ్రాముల 22 క్యారెట్ల కాసులో 7.33 గ్రాములు ఉంటుంది. కాబట్టి ఒక నెపోలియన్ కాసులో నూటికి ఎనభై వంతుల కన్నా ఒక పిసరు తక్కువ.

వీటిలో రకాలు చాలా. మొదటి నెపోలియన్, పద్దెనిమిదో లూయీ, పదో చార్లెస్, లూయీ ఫిలిప్, మూడో నెపోలియన్, రాజ్యాంగం రాస్తున్న దేవదూత, చివరగా ఒక వైపు ఫ్రెంచి గణతంత్రానికి ప్రతీక అయిన స్త్రీ మరియాన్, మరో వైపు కోడిపుంజు. కోడిపుంజువి 1899 నుంచి 1914 దాకా సంవత్సరాలతో ఉంటాయి. వాటిలో 1907 నుంచి 1914 సంవత్సరాల నాణేల్లో పెద్ద భాగం నిజానికి 1951 నుంచి 1960 మధ్య అవే సంవత్సరాలు వేసి మళ్ళీ కొట్టినవి. అవి నకిలీలు కావు, ప్రభుత్వ టంకశాలవే. బంగారమూ అంతే. కొంచెం ఎర్రటి ఛాయలో ఉంటాయి. వాటికి బంగారం ధర, పైన కొద్దిపాటి అదనం వస్తుంది. 1907కు ముందువి నిజంగా ఆనాటివే. వాటి అంచు మీద దేవుడు ఫ్రాన్సుని కాపాడుగాక అనే అర్థంతో ఫ్రెంచి వాక్యం ఉంటుంది. తర్వాతివాటి మీద స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అనే మూడు మాటలు.

సంవత్సరం ఉండాల్సిన చోట "ఆన్ 12" అని ఉంది. ఇదేమిటి?

విప్లవ కాలపు పంచాంగం. 1792 సెప్టెంబరు నుంచి ఏడాది ఒకటిగా లెక్కపెట్టారు. "ఆన్" అంటే సంవత్సరం. 12 అంటే 1803, 1804 మధ్య కాలం. ఇవి బోనపార్టు మొదటి కాన్సుల్‌గా ఉన్నప్పటివీ, చక్రవర్తి అయ్యాకవీ రెండూ ఉంటాయి. చిత్రమైన విషయం, ఆయన చక్రవర్తి అయ్యాక కూడా కొన్నేళ్ళు నాణేల వెనక "గణతంత్రం" అనే ఉంది. 1809 నాణేల నుంచి "సామ్రాజ్యం" అయింది. అలాంటి నాణెం దొరికితే ఎవరికీ కరిగించడానికి ఇవ్వకండి. పూర్తిగా అరగని నాణెమైతే సేకర్తలు లోహం ధరకు బాగా పైనే పెడతారు.

సంవత్సరం పక్కన చిన్న అక్షరం, చిన్న బొమ్మ ఉన్నాయి. వాటితో ధర మారుతుందా?

కొన్నిసార్లు అంతా వాటి మీదే ఆధారపడి ఉంటుంది. ఆ అక్షరం నాణెం ఏ ఊళ్ళో కొట్టారో చెబుతుంది. "ఏ" పారిస్, "బీ బీ" స్ట్రాస్‌బర్గ్, "డబ్ల్యూ" లీల్, "కే" బోర్దో. చిన్న బొమ్మలు టంకశాల అధికారివి, చెక్కినవాడివి.

రెండు ఉదాహరణలు చెబుతాను. 1914 నాటి 1 ఫ్రాంకు వెండి నాణేలు కుప్పలుగా ఉన్నాయి. యుద్ధం మొదలైన ఆ ఏడాదే దక్షిణాన కాస్టెల్‌సరాజిన్ అనే ఊళ్ళో కూడా కొన్ని కొట్టారు, వాటిమీద "సీ" అక్షరం ఉంటుంది. అవి చాలా అరుదు. ఆ అక్షరం భూతద్దంలో కనపడిందంటే మీ చేతిలో ఉన్నది వెండి ముక్క మాత్రమే కాదు.

రెండోది 1871 నాటి 5 ఫ్రాంకులు, హెర్క్యులీస్ బొమ్మ, పారిస్ అక్షరం. ఆ ఏడాది పారిస్ కమ్యూన్ తిరుగుబాటు కాలంలో టంకశాలను కామెలినా అనే కంచు పనివాడు నడిపాడు. ఆయన గుర్తు త్రిశూలం. మామూలు 1871 నాణేల మీద తేనెటీగ ఉంటుంది. త్రిశూలమున్నదానికీ, తేనెటీగ ఉన్నదానికీ ధరలో ఎంతో దూరం. అందుకే ఏ నాణేనికైనా ముందు సంవత్సరం దగ్గరి చోటు భూతద్దంతో చూడమని చెబుతాను.

వీటితో పాటు 1 ఫ్రాంకు వెండిలో 1900, 20 ఫ్రాంకుల వెండిలో 1936, 1939 సంవత్సరాలు కనిపిస్తే పక్కన పెట్టండి. 1941 నాటి, యుద్ధకాలపు ఫ్రాన్సు పాలకుడు పెతాన్ ముఖమున్న 5 ఫ్రాంకులూ అంతే. కొట్టినవాటిలో దాదాపు అన్నీ చలామణిలోకి రాకముందే కరిగించేశారు.

1956 నాటి 100 ఫ్రాంకులున్నాయి. పెద్ద మొత్తమే కదా?

కాదు. 1960 జనవరి 1న పాత 100 ఫ్రాంకుల్ని కొత్త 1 ఫ్రాంకుగా మార్చారు. 1954 నుంచి 1958 దాకా వచ్చిన 100 ఫ్రాంకులు రాగి, నికెల్ మిశ్రమం, కొత్త లెక్కలో ఒక్క ఫ్రాంకు. అందులో వెండి లేదు. పాత 1, 2 ఫ్రాంకుల అల్యూమినియం నాణేలు 1960 తర్వాత 1, 2 సెంటీములుగా నడిచాయి. అంకె ఒకటే అయినా 1956 నాటి 100, 1984 నాటి 100 వేరు వేరు లోకాలవి. 1984 నాణేల్లో ఒక రకం మీద మేరీ క్యూరీ ముఖం ఉంటుంది, అందులో వెండి ఉంది.

యుద్ధకాలపు తేలిక నాణేలు?

రెండో ప్రపంచ యుద్ధంలో లోహాలన్నీ ఆయుధాలకే పోవడంతో నాణేలు జింకులో, అల్యూమినియంలో కొట్టారు. "ఎటా ఫ్రాన్సే" (ఫ్రెంచి రాజ్యం) అని, శ్రమ, కుటుంబం, మాతృభూమి అనే నినాదంతో ఉంటాయి. చరిత్ర పెద్దది, ధర చిన్నది. జింకువి తెల్లటి పొడి కక్కుతుంటాయి, మిగతావాటికి దూరంగా ఉంచండి. 1944 నాటి ఇత్తడి 2 ఫ్రాంకుల మీద దేశం పేరుగా "ఫ్రాన్స్" అని మాత్రమే ఉంటుంది. వాటిని అమెరికాలో ఫిలడెల్ఫియా టంకశాలలో కొట్టి పంపారు. దానికి అడిగేవాళ్ళున్నారు.

దుకాణాల జాబితాల్లో టీబీ, టీటీబీ, ఎఫ్‌డీసీ అని రాస్తారు. అవేమిటి?

నాణెం ఎంత అరిగిందో చెప్పే ఫ్రెంచి మెట్లు. టీబీ అంటే బాగానే అరిగినా బొమ్మ పోల్చుకోవచ్చు. టీటీబీ అంటే జుట్టు పాయలు, ఆకుల ఈనెలు చాలావరకు తెలుస్తాయి. సూప్ అంటే చేతులు చాలా తక్కువ మారింది. ఎఫ్‌డీసీ అంటే అచ్చు నుంచి ఇప్పుడే దిగినట్టుంటుంది.

ఇది ఎందుకు ముఖ్యమంటే, 1915 నుంచి 1918 మధ్య 1 ఫ్రాంకు లాంటి మామూలు నాణెం అరిగి ఉంటే వెండి ధరకే పోతుంది, అదే ఎఫ్‌డీసీ అయితే దానికి ఎన్నో రెట్లు పలుకుతుంది. విత్తులు చల్లే స్త్రీ నాణేలకు తొడ, మోకాలి దగ్గర చూడండి. అక్కడ చీర మడతలాంటి గీతలు ముందుగా అరుగుతాయి. హెర్క్యులీస్ అయితే ఛాతీ. మనకు మనం మార్కులు వేసుకునేటప్పుడు ఒక మెట్టు తగ్గించి వేసుకుంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

నాణేలు నల్లబడ్డాయి. తోమి పంపవచ్చా?

వద్దు. దయచేసి వద్దు.

మా ఇంట్లో 1840ల నాటి లూయీ ఫిలిప్ 5 ఫ్రాంకులు ఒకటి ఉండేది. నూట యాభై ఏళ్ళలో దాని మీద నీలం, పసుపు, నెమలికంఠం రంగులు కలిసిన పొర ఏర్పడింది. వరలక్ష్మీ వ్రతానికి కలశం దగ్గర పెట్టాలని మా అత్తయ్య దాన్ని చింతపండు, విభూతి పట్టించి రాగిచెంబుని తోమినట్టు తోమింది. ఆమె ప్రేమతోనే చేసింది, తప్పు పట్టను. కానీ తర్వాత భూతద్దంలో చూస్తే రాజుగారి బుగ్గ మీద సన్నటి గీతలు వందలు. ఆ గీతలు ఇక పోవు. ఆ పొరే నాణేనికి వయసు, ఆ పొరకే సేకర్త డబ్బిస్తాడు. తోమిన నాణేన్ని అనుభవమున్నవాడు ఒక్క చూపులో పట్టేస్తాడు.

కుంకుడురసం, పళ్ళపేస్టు, వెండి తోమే పొడులు, ముంచి తీసే ద్రావకాలు ఏవీ వద్దు. మట్టి మరీ ఉంటే మంచినీళ్ళలో కాసేపు ఉంచి, రుద్దకుండా మెత్తటి గుడ్డ మీద ఆరబెట్టండి. అంతకు మించి చేయి చేసుకోకండి. పట్టుకునేటప్పుడు అంచులతోనే పట్టుకోండి.

నకిలీదని ఎలా తెలుసుకోవాలి?

అయస్కాంతం మొదటి పరీక్ష. వెండి, బంగారు నాణేలు దానికి అంటుకోవు. తూకం రెండోది. 25 గ్రాములుండాల్సింది అరిగి 24.6 ఉంటే సహజం, 21 ఉంటే సందేహించాలి.

మూడోది నీళ్ళ పరీక్ష. గ్లాసులో నీళ్ళు పోసి త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. నాణేనికి సన్నటి దారం కట్టి, అడుగుకీ గోడలకీ తగలకుండా నీళ్ళలో వేలాడదీయండి. త్రాసు చూపించే అంకె ఆ నాణెం ఎంత నీటిని తప్పించిందో చెబుతుంది. 25 గ్రాముల 90 పాళ్ళ వెండికి ఆ అంకె సుమారు 2.4 రావాలి. బంగారు నెపోలియన్‌కి 0.37 దగ్గర. ఇత్తడి మీద బంగారు పూత అయితే అంకె దీనికి రెట్టింపు వస్తుంది. గీటురాయి మీద గీయనివ్వకండి, అంచున గాటు పడుతుంది. నాణేల వ్యాపారి దగ్గర ఎక్స్‌రే యంత్రం ఉంటే దానితో చూడమనండి.

ఇంటర్నెట్‌లో ఇదే నాణెం లక్ష రూపాయలని చూశాను. నిజమా?

అడిగే ధర వేరు, అమ్ముడైన ధర వేరు. వేలం సైట్లలో "అమ్ముడైనవి" మాత్రమే చూపించే వీలుంటుంది, అదే చూడండి. న్యూమిస్టా వంటి నాణేల జాబితాలో మీ నాణెం సంవత్సరం, తూకం, ఎన్ని కొట్టారు అన్నీ ఉంటాయి. ముందు అక్కడ పోల్చుకోండి.

"మీ నాణేనికి పది లక్షలు, ముందుగా రిజిస్ట్రేషన్ రుసుము పంపండి" అంటే అది మోసం. రిజర్వు బ్యాంకు పేరు పెట్టి పాత నాణేలు, నోట్ల అమ్మకాలకు కమీషన్లు, పన్నులు అడుగుతున్నారని, తనకు వాటితో సంబంధం లేదని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే ప్రకటించింది. నిజమైన కొనుగోలుదారు మీకు డబ్బిస్తాడు, మీ దగ్గర తీసుకోడు.

యానాంలో ఫ్రెంచివాళ్ళున్నప్పుడు ఫ్రాంకులే నడిచాయా?

లేదు. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్నా ఇక్కడ చలామణి రూపాయిల్లోనే. పాండిచ్చేరిలో ఫ్రెంచివాళ్ళు ఆర్కాటు పేరుతో రూపాయలు కొట్టారు, వాటి మీద నెలవంక గుర్తు ఉంటుంది. చిల్లరకు ఫనాలు ఉండేవి. తర్వాతి కాలంలో ఇండోచైనా బ్యాంకు రూపాయి నోట్లు వేసింది. యానాం ఇళ్ళలో దొరికే ఫ్రాంకులు ఎక్కువగా ఫ్రాన్సులో కొలువు చేసి వచ్చినవాళ్ళతోనో, సెలవులకు వచ్చే బంధువులతోనో వచ్చినవి. మీ ఇంట్లో నెలవంక రూపాయో ఫనామో దొరికితే అది వేరే విషయం, ఫ్రాంకుల లెక్కలో కలపకండి, విడిగా చూపించండి.

చెరకు గడల బొమ్మ ఉన్న ఫ్రాంకు ఎక్కడిది?

రీయూనియన్ దీవిది. 19వ శతాబ్దంలో యానాం రేవు నుంచి మన తెలుగు కూలీలు చెరకు తోటలకు వెళ్ళిన దీవి అదే. 1 నుంచి 5 ఫ్రాంకులు అల్యూమినియం, పైవి ఇత్తడిలా కనిపించే మిశ్రమం, నికెల్. లోహం ధర దాదాపు లేదు, సేకర్త ధరా తక్కువే. కానీ నాకైతే ఈ చెరకు నాణెం ఏ వెండి నాణెం కన్నా తక్కువ కాదు. మీ కుటుంబంలో ఎవరైనా ఆ దీవికి వెళ్ళినట్టు తెలిస్తే నాణెంతో పాటు ఆ పేరు, ఊరు ఒక చీటీ మీద రాసి పెట్టండి.

స్విస్ ఫ్రాంకులు కూడా ఇంతేనా?

కాదు, స్విస్ ఫ్రాంకు ఇంకా బతికే ఉంది. 1968 నుంచి వచ్చిన రాగి, నికెల్ నాణేలు అక్కడ ఇప్పటికీ చెల్లుతాయి. అంతకు ముందు, 1967 దాకా వచ్చిన అర, 1, 2 ఫ్రాంకులు 83.5 పాళ్ళ వెండి. తూకాలు 2.5, 5, 10 గ్రాములు. అవి ఇప్పుడు చెల్లవు, వెండిగా లెక్క కట్టండి. స్విట్జర్లాండు వెళ్ళేవాళ్ళుంటే కొత్తవాటిని వాళ్ళ చేతికిచ్చి ఖర్చు పెట్టించడమే మంచిది. మన ఊళ్ళో నాణేలు ఎవరూ మార్చరు.

ఎక్కడ అమ్మాలి? ఫ్రాన్సుకి తీసుకెళ్ళి అమ్మితే మేలా?

నగల కొట్టుకు తీసుకెళితే కరిగించే ధరే ఇస్తారు. మామూలు హెర్క్యులీస్‌లకు, అరిగిన ఫ్రాంకులకు అది చాలు. పైన చెప్పిన అరుదైనవాటిని మాత్రం నాణేల వ్యాపారులకే చూపించాలి. కనీసం ఇద్దరి దగ్గర ధర అడగండి, నాణెం వాళ్ళ దగ్గర వదిలిరాకండి. పారిస్‌లో పాత స్టాక్ ఎక్స్ఛేంజి పక్కన రూ వివియెన్ వీధిలో వరసగా నాణేల దుకాణాలున్నాయి. ఫ్రెంచి నాణెం తెలిసినవాళ్ళు అక్కడే ఎక్కువ.

అయితే ఒక జాగ్రత్త. మన 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది, దాన్ని సొంతంగా దేశం దాటించకూడదు. కాబట్టి 1916 నాణేన్ని సూట్‌కేసులో వేసుకుని పారిస్ విమానం ఎక్కకండి. 1967 నాటివాటికి ఈ చిక్కు లేదు. యూరప్‌లోనే ఉన్నవాళ్ళు బంగారు నెపోలియన్లు పెద్ద మొత్తంలో మోసుకుంటూ యూరోపియన్ యూనియన్ సరిహద్దు దాటితే, 90 పాళ్ళు బంగారమున్న నాణేల్ని నగదుగానే లెక్కిస్తారు. 10,000 యూరోలు, ఆపైన ఉంటే కస్టమ్స్‌కి చెప్పాలి.

మా నాయనమ్మ కాసులపేరులో రెండు ఫ్రెంచి బంగారు నాణేలున్నాయి. విప్పి అమ్మితే ఎక్కువ వస్తుందా?

రాదు. కొంకీ అతికించినప్పుడే ఆ నాణేలకు సేకర్త ధర పోయింది. అంచున టంకం మచ్చ, వేడికి మారిన రంగు, ఏళ్ళ తరబడి పక్క కాసులతో ఒరుసుకుని నునుపెక్కిన రాజు ముఖం, ఇవన్నీ కనిపిస్తూనే ఉంటాయి. కొంకీని కోయిస్తే గాటు కూడా మిగులుతుంది. తూకం వేయించి, ఒక్కోదానికి 5.8 గ్రాముల అసలు బంగారం చొప్పున లెక్క రాసిపెట్టుకోండి. నాణేలు పేరులోనే ఉండనివ్వండి. ఏ సంవత్సరానివో, ఎవరి ముఖమో మాత్రం భూతద్దంతో చూసి ఆ చీటీలోనే రాయండి. నాయనమ్మ ఉంటే అవి ఎవరు తెచ్చారో ఈ రోజే అడగండి.